రావచ్చు

శుక్రవారం. మెస్ హాల్లో బల్లలు తుడిచిన తడి ఇంకా ఆరలేదు.
డాక్టర్ ఇంతిసార్ గోడకి ఒక కాగితం అతికించింది.
సూడాన్ మనిషి. మూడు వేసవులు వరసగా ముసఫ్ఫాకి వచ్చి
మా నెత్తురు గొట్టాల్లో, మా ఉచ్చ సీసాల్లో పట్టుకుపోయింది.
ఇవాళ లెక్క అప్పజెప్పడానికి వచ్చింది.
ఆమె ఇంగ్లీషుకీ నలభై ఇద్దరి తెలుగుకీ నడుమ
స్టోర్ కీపర్ని, నేను.

"ఎండలో పనిచేసేవాళ్లలో ఎనిమిది మందికి ఒకరికి
కిడ్నీలు దెబ్బతినే అవకాశం ఉంది" అన్నాను.

వెనక బల్ల మీంచి రాజేశం:
"అవకాశమొస్తే ఇడుస్తమా సారూ?
దానికోసమే గదా గీడిదాంక వచ్చింది!"
హాలంతా నవ్వింది.

నాలుక కరుచుకున్నాను.
ప్రమాదం అందామంటే
అది మొన్న రంజాన్ నెలలో క్రేన్ తాడు తెగినప్పటి మాట,
చప్పుడు చేసుకుంటూ వచ్చేది.
గండం అందామంటే
తాయెత్తు కడితే గట్టెక్కేది.
ఇది చప్పుడు చెయ్యదు, తాయెత్తుకి లొంగదు.

"జబ్బు రావచ్చు" అన్నాను చివరికి.
అనగానే చెవిలో ముల్లు గుచ్చుకుంది.
గుమ్మంలో నిలబడ్డవాణ్ణి
చెప్పులిప్పి లోపలికి రమ్మనడానికీ మనది అదే మాట.
జబ్బుకి నేనే తలుపు తీసి పట్టుకున్నట్టయింది.

శ్రీకాకుళం ఫిట్టరు తవిటయ్య
వేలితో తలలు లెక్కపెట్టాడు.
"ఇక్కడే అయిదుగురున్నారు, పైగా ఓ ముక్క.
పేర్లు రాసుంటాయి కదేటి, సదవండి."
డాక్టర్ తల అడ్డంగా ఊపింది.
పేర్లుండవు.
పేర్లు లేవన్నాకే భయం మొదలైంది.
ఒకరి మొహాల్లోకి ఒకరు చూసుకున్నారు,
చీట్లాటలో దొంగ ఎవరని చూసుకున్నట్టు.
గంగనర్సు కాళ్లు బల్లకిందికి లాక్కున్నాడు.

క్యాంప్ బాస్ నాకు పొద్దున్నే చెప్పాడు:
"ఆమే 'మే' అని రాసుకుంది. రుజువైందని రాయలేదు.
అంటే లేదనే. అలాగే చెప్పు."
ఆమె కూడా పొద్దున్నే చెప్పింది:
"రెండో పేజీ వదలొద్దు."

రెండో పేజీ నిండా ఆమెకి తెలియనివి.
ఊళ్లో తాగిన నీళ్ల వల్లో,
నొప్పులకి మింగే బిళ్లల వల్లో కావచ్చునని
కంపెనీ పిలిపించిన పండితుల వాదన.
అదీ కాదనలేదు ఆమె. ఇంకా రెండేళ్లు చూడాలని రాసింది.
చదివితే మొదటి పేజీ కారిపోతుందని నా బెంగ.
చదవకపోతే బాస్‌కీ నాకూ తేడా ఏముంది?

చదివాను. గొంతు తడారింది.

ఎవరూ మాట్లాడలేదు చాలాసేపు.
ఏసీ నీళ్లు బకెట్లో పడుతున్న చప్పుడు.
అప్పుడు నర్సాగౌడ్ లేచాడు,
నెలనెలా అందరి దగ్గర పైసలు పోగుచేసి
లాటరీ టికెట్ కొనేవాడు.
"లచ్చల మందిల ఒక్కనికి తగిలేదానికి
ఇరవై దిర్హాములు ఇస్తిరి.
ఎప్పుడన్న పక్కా రుజువు అడిగిన్రా?
ఎనిమిదిట్ల ఒకటి మనది కాదని
గంత దిలాసగ ఎట్ల గూసున్నర్రా?"

డాక్టర్ నా వైపు చూసింది, ఏమన్నాడని.
ఇంగ్లీషులోకి మార్చబోయి ఆగిపోయాను.
"మీకన్నా బాగా చెప్పాడు" అన్నాను, అంతే.

కాగితం శనివారానికి గోడ మీద లేదు.
అతికించిన టేపు నాలుగు మూలలా మిగిలింది.
సైటు దగ్గర నీళ్ల డ్రమ్ము ముందు వరస మాత్రం
కాస్త పొడుగైంది. కొంతమందే. రాజేశం లేడు.

ఆ రాత్రి పదకొండు దాటాక
స్టోర్ రూము తలుపు మీద వేలి కణుపులు.
గంగనర్సు. వాచిన పాదాలకి చెప్పులు పట్టలేదు.
చొక్కా కింద దాచుకున్న నీళ్ల సీసా.
"లోపలికి రావచ్చా సారూ?"

రావచ్చు, అన్నాను.

సీసా బల్ల మీద పెట్టాడు, లేబుల్ నావైపు తిప్పి.
అందులో రంగు
పాలు పోయని సులైమానీ.